పుచ్చు పురుగూ చెట్టు మందూ

కందులు, పెసలు, అలసందలు కల్లం నుంచి ఇంటికి చేరేనాటికే వాటిలో కొన్ని గింజల్లో పుచ్చు పురుగు కాపురం పెట్టి ఉంటుంది. కాయ ముదిరి ఎండే దశలో చేనికి ఎగిరి వచ్చిన ఆడ పురుగు కాయ మీద గుడ్డు అతికించి పోతుంది. కోత, నూర్పిడి, తూర్పారబోత దాటుకుని ఆ గింజలు సంచిలోకి చేరాక, లోపలే పెరిగిన పురుగు గుండ్రటి కన్నం చేసుకుని బయటికి వచ్చి, పక్కనున్న మంచి గింజల మీద మళ్లీ గుడ్లు పెడుతుంది. మిల్లీమీటరు కూడా లేని ఆ గుడ్డు గింజ పైతోలుకు జిగురుతో గట్టిగా అంటుకుని ఉంటుంది. అయిదారు రోజులకు అందులో తయారైన లార్వా, అంటే పురుగు పిల్ల, గుడ్డును చీల్చుకుని బయటికి రాకుండా దాని అడుగు నుంచే తోలును తొలిచి నేరుగా పప్పులోకి దిగుతుంది. తొలిచిన పొట్టు గుడ్డు పెంకులోనే నిండిపోవడం వల్ల గింజ మీద తెల్లటి చుక్క కనిపిస్తుంది. తిండి, ఎదుగుదల, ప్యూపా దశ అన్నీ గింజలోపలే గడిచిపోతాయి. బయటికి వచ్చిన పెద్ద పురుగు ఏమీ తినకుండానే పదిపన్నెండు రోజులు బతికి, జతకట్టి, గుడ్లు పెట్టి చనిపోతుంది. వెచ్చటి వాతావరణంలో ఈ చక్రం ఇంచుమించు నెల రోజుల్లో పూర్తవుతుంది కాబట్టి, ఒక ఆడ పురుగు 80 గుడ్లు పెట్టి వాటిలో సగం ఆడవే అయి అన్నీ బతికితే, రెండు నెలలు తిరిగేసరికి గుడ్ల సంఖ్య సిద్ధాంతరీత్యా 1,28,000కు చేరుతుంది.

ఈ జీవిత చక్రాన్ని ఇంత వివరంగా చెప్పుకోవడానికి కారణం ఉంది. గింజ లోపలున్న పురుగును గింజ పైన పూసిన మందు ఏదీ సులువుగా చేరలేదు. అది బయట దొరికేది గుడ్డుగా ఉన్న కొద్ది రోజులు, పెద్ద పురుగుగా తిరిగే కొద్ది రోజులు మాత్రమే. నిల్వ ధాన్యానికి వాడే మొక్కల మందుల్లో ఏది పనిచేస్తుంది, ఏది పనిచేయదు అన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఈ రెండు సందుల్లోనే ఉంది. సంశ్లేషిత రసాయనాన్ని, అంటే కర్మాగారంలో కృత్రిమంగా తయారైన మందును, తీసేసి ఆ స్థానంలో ఒక ఆకునో గింజనో పెట్టి అదే పని ఆశిస్తే నిరాశ తప్పదు. ఏ పురుగు, ఏ దశలో, ఏ గింజ మీద, ఆ గింజ తిండికా విత్తనానికా అన్నవి చూసుకుని వాడిన చోట మాత్రం కొన్ని మొక్కలు ఆశ్చర్యపరిచేంత బాగా పనిచేస్తాయి.

నష్టం చిన్నదేమీ కాదు. లూధియానాలోని కేంద్ర కోత అనంతర ఇంజనీరింగ్, సాంకేతిక సంస్థ 2015లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, కోత నుంచి నిల్వ దాకా అన్ని దశలూ కలుపుకుని దేశంలో తృణధాన్యాల్లో 4.65 నుంచి 5.99 శాతం, పప్పుదినుసుల్లో 6.36 నుంచి 8.41 శాతం నష్టపోతున్నాయి. ఇందులో పురుగు వాటా కొంత మాత్రమే అయినా, తూకంలో తేలని నష్టం మరొకటి ఉంటుంది. పురుగుల విసర్జకాల వల్ల గింజలో యూరిక్ ఆమ్లం పేరుకుంటుంది, వాటి శ్వాసక్రియ వల్ల రాశి వేడెక్కి చెమ్మ పుడుతుంది, ఆ చెమ్మకు బూజు పడుతుంది, మొలక దెబ్బతింటుంది. విత్తనానికి దాచిన గింజకైతే ఒక్క కన్నం పడినా అది పనికిరానిదిగానే లెక్క.

గాదెలు, పాతర్లు, మట్టి కుండలు వాడిన కాలంలో బూడిద కలపడం, ఎర్రమన్ను పట్టించడం, ఆముదం రాయడం, వేపాకు వావిలాకు పొరలు పొరలుగా వేయడం ఇళ్లలో జరిగే పనులే. 1939లో స్విట్జర్లాండ్ రసాయన శాస్త్రవేత్త పాల్ ముల్లర్ డీడీటీకి పురుగులను చంపే శక్తి ఉందని కనుగొన్నాక, 1950లో మలాథియాన్ మార్కెట్లోకి వచ్చాక, నిల్వ రక్షణ అంటే గోడల మీద, బస్తాల మీద మందు చల్లడం, గిడ్డంగిలో విషవాయువు పెట్టడం అన్న అర్థం స్థిరపడింది. విషవాయువులుగా ప్రధానంగా రెండే మిగిలాయి. వాటిలో మిథైల్ బ్రోమైడ్ ఓజోన్ పొరను పలుచన చేస్తుందని తేలడంతో, 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద అభివృద్ధి చెందిన దేశాల్లో 2005కల్లా, వర్ధమాన దేశాల్లో 2015కల్లా, ఎగుమతి దిగుమతుల క్వారంటైన్ వంటి అవసరాలకు తప్ప దాని వాడకం ఆగిపోయింది. ఇక మిగిలిన ఫాస్ఫీన్ వాయువు అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రల నుంచి పుడుతుంది. గాలిలోని చెమ్మ తగిలితే 3 గ్రాముల మాత్ర ఒక గ్రాము ఫాస్ఫీన్‌ను విడుదల చేస్తుంది. గింజ లోపలికీ చొచ్చుకుపోయి అన్ని దశల పురుగులనూ చంపడం, ధాన్యంలో అవశేషం దాదాపు మిగల్చకపోవడం దాని బలాలు. అయితే మనిషి ఒంట్లోకి పోతే దానికి విరుగుడు మందు లేదు, ఆ మాత్రలు ఇళ్లలో ఉండడమే ప్రమాదం.

అంతకన్నా నెమ్మదిగా పెరిగిన ప్రమాదం నిరోధకత. ఒక మందును ఏళ్ల తరబడి వాడితే, పుట్టుకతోనే దాన్ని తట్టుకోగల కొద్ది పురుగులు బతికి పిల్లలను కని, చివరికి ఆ జాతి అంతా తట్టుకునేదిగా మారడాన్నే నిరోధకత అంటారు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1972-73లో ప్రపంచవ్యాప్తంగా జరిపిన సర్వేలోనే నిల్వ పురుగుల్లో మలాథియాన్‌కూ, కొంతవరకు ఫాస్ఫీన్‌కూ నిరోధకత కనిపించింది. ఫాస్ఫీన్‌ను తట్టుకోవడానికి కీలకమైన ఒక జన్యువును 2012లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు గుర్తించారు. జీవకణంలో శక్తి ఉత్పత్తికి తోడ్పడే ఒక ఎంజైముకు చెందిన ఆ జన్యువులో మార్పులు వడ్లను తొలిచి నుసి చేసే చిన్న పెంకు పురుగులోనూ, పిండిలో తిరిగే ఎర్ర పెంకు పురుగులోనూ వేర్వేరుగా తలెత్తాయి. భారత ప్రభుత్వం 2018లో ఇచ్చిన ఉత్తర్వుతో, గిడ్డంగుల్లో విరివిగా చల్లిన డైక్లోర్‌వాస్ 2020 డిసెంబరు 31 నుంచి నిషేధంలోకి వెళ్లింది. చేతిలోని ఆయుధాలు ఇలా ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చిన కొద్దీ వ్యవసాయ శాస్త్రం పాత గాదెల వైపు మళ్లీ చూడసాగింది.

అలా చూసినప్పుడు తేలిన గట్టి ఫలితాల్లో ఒకటి వంటింటిదే. కందులకు, పెసలకు నూనె పట్టిస్తే పుచ్చు పట్టదన్న వాడుకను ప్రయోగశాలలో కొలిచి చూపినవారిలో కొలంబియాలోని అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ కేంద్రానికి చెందిన వాన్ స్కూన్‌హోవెన్ ఒకరు. చిక్కుడు జాతి గింజల మీద వంటనూనెల ప్రభావం గురించి ఆయన పరిశోధన 1978లో వెలువడింది. ఆ తరువాత అనేక దేశాల్లో జరిగిన ప్రయోగాల సారం ఒకటే: కిలో గింజలకు సుమారు 5 మిల్లీలీటర్ల నూనె, అంటే క్వింటాలుకు అర లీటరు, గింజ గింజకూ అంటేలా బాగా కలిపితే పుచ్చు పురుగు సంతతి దాదాపు ఆగిపోతుంది. వేరుశనగ నూనె, ఆముదం, ఆవనూనె, వేపనూనె, కానుగ నూనె, ఏదైనా కొద్ది తేడాతో పనిచేస్తుంది. ఇక్కడ నూనెలోని విషం కన్నా నూనె పొరే ముఖ్యం. గుడ్డు పెంకు ద్వారా లోపలి పిండానికి ఆక్సిజన్ అందాలి. పలుచటి నూనె పొర ఆ దారిని మూసేస్తే పిండం ఊపిరాడక చనిపోతుంది. కొవ్వు ఆమ్లాలు గుడ్డులోకి చొరబడి చేసే హాని, నూనె జిడ్డు వల్ల ఆడ పురుగు గుడ్డును గింజకు గట్టిగా అతికించలేకపోవడం ఇందుకు తోడవుతాయి. గింజలోపల అప్పటికే ఉన్న లార్వాను నూనె ఏమీ చేయలేదు. కానీ అది పెద్దదై బయటికి వచ్చి పెట్టే గుడ్లు చచ్చిపోతాయి కాబట్టి రెండో తరం దగ్గరే గొలుసు తెగిపోతుంది.

ఈ పద్ధతి వడ్లకూ బియ్యానికీ ఇంత బాగా ఎందుకు పనిచేయదో చూస్తే మొదట చెప్పిన సందుల సంగతి మరింత స్పష్టమవుతుంది. బియ్యపు ముక్కు పురుగు తన పొడవైన ముక్కుతో గింజకు గుంట తొలిచి, అందులో గుడ్డు పెట్టి, పైన జిగట పదార్థంతో బిరడా వేస్తుంది. గుడ్డు గింజ పైన లేదు, గింజలోనే ఉంది. పైపెచ్చు పెద్ద పురుగు పుచ్చు పురుగులా పస్తులుండే రకం కాదు, నెలల తరబడి బతికి గింజలను తింటూనే ఉంటుంది. అలాంటి పురుగు మీద నూనె పొర కన్నా, తినబోయే నోటిని వెనక్కి తిప్పే చేదు, దగ్గరికి రానివ్వని వాసన ఎక్కువ పనిచేస్తాయి. బియ్యానికి ఆముదం రాసే అలవాటు కొంత మేలు చేసినా అది ఇందుకే పప్పుల్లో ఇచ్చినంత నమ్మకమైన ఫలితం ఇవ్వదు.

నూనె పూతకు హద్దులూ ఉన్నాయి. రెండు మూడు నెలలకు పొర ప్రభావం తగ్గుతుంది, నూనె ముక్కిపోయి వాసన వస్తుంది, మోతాదు మించితే విత్తనం మొలక మందగిస్తుంది. తినే గింజలకు వంటనూనెనో ఆముదాన్నో వాడాలి. ఆముదపు గింజలో రైసిన్ అనే ప్రాణాంతకమైన ప్రోటీన్ ఉన్న మాట నిజమే అయినా అది నీటిలో కరిగేది, నూనెలో కరగదు. గింజను పిండినప్పుడు తెలగపిండిలోనే ఉండిపోతుంది కాబట్టి ఆముదంతో ఆ భయం లేదు. వేపనూనె, కానుగ నూనెలు విత్తనానికి పరిమితం కావడమే మంచిది, వాటి చేదు కడిగినా పూర్తిగా పోదు.

వేప దగ్గరికి వస్తే విషయం నూనె పొరను దాటి రసాయనంలోకి వెళుతుంది. వేపగింజల్లోని చేదు పదార్థాలను తొలిసారి శాస్త్రీయంగా వేరుచేసినవాడు సలీముజ్జమాన్ సిద్దిఖీ, అది 1942లో. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ప్రధాన్, జొత్వానీ, రాయ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు వేపగింజల ద్రావణం చల్లిన మొక్కలను మిడతల దండు ముట్టదని 1962లో ప్రకటించారు. అంతకు మూడేళ్ల ముందు, 1959లో, సూడాన్‌లో మిడతలు పచ్చదనమంతా మేసి వేపచెట్లను మాత్రం వదిలేయడాన్ని జర్మన్ కీటక శాస్త్రవేత్త హైన్‌రిఖ్ ష్ముటరర్ గమనించాడు. ఇందుకు ప్రధాన కారణమైన అజాడిరాక్టిన్ అనే పదార్థాన్ని 1968లో బ్రిటన్‌లో బటర్‌వర్త్, మోర్గన్ వేరుచేశారు. దాని అణువు ఎంత మెలికలు తిరిగిందంటే, నిర్మాణం పూర్తిగా తేలడానికి 1985 దాకా, ప్రయోగశాలలో మొదటినుంచి చివరిదాకా కట్టడానికి 2007 దాకా పట్టింది. కేంబ్రిడ్జిలో స్టీవెన్ లే బృందం దాని మీద 22 ఏళ్లు పనిచేసింది. ఇంత కష్టపడి కట్టాల్సినదాన్ని ప్రతి వేపచెట్టూ ఏటా ఉచితంగా తయారుచేస్తుండగా కర్మాగారంలో చేయాలనే ఆలోచన వ్యాపారానికి పనికిరాలేదు.

అజాడిరాక్టిన్ పురుగును తక్షణం పడగొట్టదు, ఈ ఒక్క కారణంగానే చాలామంది రైతులు దాన్ని పనిచేయని మందుగా కొట్టిపారేస్తారు. అది చేసే పని వేరు. పురుగు నోటి దగ్గరున్న రుచిని పసిగట్టే కణాలను రేపి తిండి మానిపిస్తుంది. ఒంట్లోకి పోతే, కుబుసం విడవడాన్ని నియంత్రించే హార్మోన్ల విడుదలను చెడగొడుతుంది. ఆ పురుగు కుబుసం విడవలేక, విడిచినా వంకర అవయవాలతో మిగిలిపోతుంది. ఆడ పురుగుల్లో గుడ్ల సంఖ్య, గుడ్ల బలం తగ్గుతాయి. ఢిల్లీలోనే జొత్వానీ, సర్కార్ 1965లో ప్రచురించిన ప్రయోగాల్లో నూరు పాళ్ల గోధుమ విత్తనానికి ఒకటి రెండు పాళ్ల వేపపప్పు పొడి కలిపితే ముక్కు పురుగు వంటి ప్రధాన నిల్వ పురుగుల నుంచి నెలల తరబడి రక్షణ దొరికింది. పొలంలో చల్లిన అజాడిరాక్టిన్ ఎండలోని అతినీలలోహిత కిరణాలకు కొద్ది రోజుల్లోనే విరిగిపోతుంది. చీకటి గాదెలో, మూసిన కుండలో ఆ బాధ తక్కువ. పొలానికి లోపమైనది నిల్వకు లోపం కాకపోవడం వేప విషయంలో తరచు మరిచిపోయే సంగతి.

అయితే గాదెలో వేపాకు వేయడానికీ వేపపప్పు పొడి కలపడానికీ ఎంతో తేడా ఉంది. అజాడిరాక్టిన్ ప్రధానంగా గింజలోనే ఉంటుంది, ఆకులో చాలా తక్కువ. పచ్చి ఆకు వేస్తే దాని చెమ్మ గింజకు పట్టి బూజుకు దారి తీయవచ్చు కాబట్టి, నీడలో పూర్తిగా ఎండని ఆకు మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తుంది. గానుగ పట్టినప్పుడు అజాడిరాక్టిన్‌లో పెద్ద భాగం నూనెలోకి రాక పిండిలోనే మిగిలిపోతుంది. అందుకే ఒకే ఊళ్లో రెండు గానుగల నూనెలో దాని మోతాదు ఒకలా ఉండదు. దుకాణంలో కొనే వేప మందు డబ్బా మీద కనిపించే 300, 1500, 10000 పీపీఎం అంకెలు ఈ మోతాదునే చెబుతాయి. పీపీఎం అంటే పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లు అన్న లెక్క. 1500 అంటే 0.15 శాతం. ఖాళీ గోనె సంచులను 5 శాతం వేపగింజల కషాయంలో ముంచి నీడలో ఆరబెట్టి వాడుకోవడం తెలుగు రాష్ట్రాల్లో వ్యవసాయ శాఖ ఏళ్లుగా చెబుతున్న పద్ధతి. గింజకు మందు తగలకుండా సంచికే పట్టిస్తారు కాబట్టి తిండిగింజలకూ అది సరిపోతుంది, బయటినుంచి వచ్చే పురుగును కొంత ఆపుతుంది, లోపల ఉన్నదాన్ని ఆపదు.

మొక్క మందు ముతకగా, శుద్ధి చేయకుండా ఉండడమే దాని మేలు అని చూపిన ఒక ప్రయోగాన్ని ఇక్కడ తలుచుకోవాలి. కెనడాలో ఫెంగ్, ఇస్మాన్ అనే శాస్త్రవేత్తలు ఒక జాతి పేనుబంక పురుగులను 40 తరాల పాటు రెండు గుంపులుగా పెంచి, ఒక గుంపుకు స్వచ్ఛమైన అజాడిరాక్టిన్‌ను, మరో గుంపుకు ముతక వేపగింజల సారాన్ని తగిలిస్తూ వచ్చారు. 1995లో ప్రకటించిన ఫలితాల ప్రకారం మొదటి గుంపుకు 9 రెట్ల నిరోధకత వచ్చింది, రెండో గుంపుకు రాలేదు. ఒక్క తాళానికి మారుచెవి చేసుకోవడం సులువు, పది తాళాలకు ఒకేసారి చేసుకోవడం కష్టం. వేపగింజలో అజాడిరాక్టిన్‌తోపాటు సలానిన్, నింబిన్ వంటి బంధువర్గం ఎంతో ఉంది. స్వచ్ఛతే గొప్ప గుణమని నమ్మే ఔషధ పరిశ్రమ తర్కం ఇక్కడ తలకిందులవుతుంది.

వస కొమ్ము మరింత విచిత్రమైనది. చిత్తడి నేలల్లో పెరిగే ఆ మొక్క దుంపలోని బీటా-అసరోన్ అనే పదార్థం ఆవిరిగా తగిలినా ఆడ పురుగుల్లో అండాశయం ఎదుగుదలను ఆపేస్తుంది, అంటే వాటిని గొడ్రాళ్లను చేస్తుంది. జమ్మూలోని ప్రాంతీయ పరిశోధన ప్రయోగశాలకు చెందిన శాస్త్రవేత్తలు ఈ సంగతిని 1977లో 'నేచర్' పత్రికలో ప్రకటించారు. పురుగును చంపకుండా దాని సంతతిని ఆపే ఇలాంటి మందులను రసాయనిక వంధ్యీకారకాలు అంటారు. నూరు కిలోల పప్పు విత్తనానికి కిలో వస పొడి కలపడం దక్షిణ భారతంలో సిఫారసులో ఉన్న మోతాదు. కానీ అదే బీటా-అసరోన్‌ను ఎలుకలకు తినిపించినప్పుడు క్యాన్సర్ కణితులు వచ్చాయి. అమెరికా 1968లోనే ఆహార పదార్థాల్లో వస వాడకాన్ని నిషేధించింది. ఉత్తర అమెరికాలో పెరిగే వస రకంలో ఈ పదార్థం ఉండదు, ఆసియా రకాల్లో చాలా ఎక్కువ. పసిపిల్లల నాలుకకు వస రాసే ఆచారం తెలుగు ఇళ్లలో ఇప్పటికీ ఉన్నందున వస అంటే మందే తప్ప విషం కాదన్న భావన బలంగా ఉంది. నిల్వకు సంబంధించినంతవరకు నియమం తేలికే: వస పట్టించిన గింజ విత్తనానికే, వంటకు కాదు.

చెట్టు నుంచి వచ్చినదంతా క్షేమమన్న నమ్మకాన్ని సీతాఫలం గింజ మరింత గట్టిగా సవాలు చేస్తుంది. పాలమూరు కొండల్లో విరివిగా కాసే ఈ పండు గింజల పొడి నిల్వ పురుగులను బాగా చంపుతుంది, అందులోని ఎసిటోజెనిన్లు కణంలో శక్తి ఉత్పత్తి చేసే మైటోకాండ్రియా పనిని మొదటి మెట్టులోనే ఆపేస్తాయి. మైటోకాండ్రియా మనిషి కణాల్లోనూ ఉంటుంది. సీతాఫలం జాతికే చెందిన లక్ష్మణఫలం పండ్లు, దాని ఆకు కషాయం ఎక్కువగా వాడే కరేబియన్ దీవి గ్వాడలూప్‌లో ఒక అసాధారణమైన పార్కిన్సన్ తరహా నరాల వ్యాధి కనిపిస్తోందని 1999లో వైద్య పరిశోధకులు గుర్తించి, ఆ వర్గపు పదార్థాలనే అనుమానించారు. సీతాఫలం గింజల పొడి కంట్లో పడితే కంటి నల్లగుడ్డు పైపొర పుండు పడుతుంది. పొగాకు కషాయం సంగతి చెప్పనే అక్కర్లేదు: నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతుంది, తడి పొగాకు కోసే కూలీలకు వాంతులు, తల తిరుగుడు రావడానికి కారణం అదే. ఈ రెంటినీ ధాన్యానికి పట్టించమని చెప్పే సలహాలు ఎంత పాతవైనా పక్కన పెట్టదగినవే.

కృత్రిమమూ సహజమూ మధ్య గీత అనుకున్నంత నిటారుగా లేదనడానికి పైరెత్రమ్ మరో సాక్ష్యం. చామంతి కుటుంబానికి చెందిన ఒక తెల్లపువ్వును ఎండబెట్టి దంచిన పొడి అది. ఒకప్పుడు అడ్రియాటిక్ తీరంలోని డాల్మేషియా, ఆ తరువాత కెన్యా దాని సాగుకు పేరుపొందాయి. పువ్వులోని పైరెత్రిన్లు పురుగు నరాలను కుదిపేసి పడగొడతాయి, వెలుతురుకు త్వరగా విరిగిపోతాయి. ఆ అణువునే నమూనాగా పెట్టుకుని, వెలుతురుకు చెక్కుచెదరకుండా దిద్దితే డెల్టామెత్రిన్ వంటి సంశ్లేషిత పైరెత్రాయిడ్లు పుట్టాయి. ఇప్పుడు గిడ్డంగుల్లో బస్తాల మీద చల్లుతున్నది ఈ పువ్వుకు మనవడి వరసే.

వాసన మీద ఆధారపడే మందుల కథ వేరు. వావిలి, తులసి, యూకలిప్టస్, లవంగం, నిమ్మగడ్డి వంటి మొక్కల సుగంధ తైలాల్లోని సినియోల్, యూజినాల్ తరహా చిన్న అణువులు ఆవిరై, పురుగు ఒంటి పక్కలనున్న శ్వాసరంధ్రాల గుండా లోపలికి పోతాయి. వీటిలో కొన్ని ఆక్టోపమైన్ అనే నాడీ సంకేత పదార్థం పనిలో జోక్యం చేసుకుంటాయి. పురుగుల నాడీ వ్యవస్థకు ఆక్టోపమైన్ ప్రాణాధారం, వెన్నెముక ఉన్న జంతువుల్లో దాని పాత్ర చాలా చిన్నది. మనిషికి హాని తక్కువగా, పురుగుకు ఎక్కువగా ఉండడానికి ఇది ఒక కారణం. గాజు సీసాలో కొద్దిపాటి గింజలతో చేసిన ప్రయోగాల్లో ఈ తైలాలు అద్భుతంగా కనిపిస్తాయి, ప్రచురితమైన వందలాది పరిశోధన పత్రాల్లో ఎక్కువ భాగం అక్కడే ఆగిపోతాయి. బస్తా నిండా గింజలున్నప్పుడు ఆవిరి పై పొరలకే అంటుకుపోయి లోపలికి దిగదు, గాలి ఆడే గదిలో నాలుగు రోజులకే ఆరిపోతుంది, మిగిలినదేదో అన్నంలో వాసనగా తేలుతుంది. అందుచేత ఈ వర్గపు మందులకు తగిన చోటు మూత బిగుతుగా ఉన్న డబ్బా, కుండ, విత్తనాల జాడీ. గోనె సంచి కాదు, గిడ్డంగి అసలే కాదు.

పసుపు గురించి ఇక్కడ ఒక మాట. పసుపు తైలంలోని టర్మెరోన్లు పిండిలో తిరిగే ఎర్ర పెంకు పురుగును తరిమేస్తాయని ప్రయోగాలు చూపాయి, పప్పుల డబ్బాలో పసుపు కొమ్ములు వేసే అలవాటుకు ఆ మేరకు ఆధారం ఉంది. అయితే నిజామాబాద్, దుగ్గిరాల మార్కెట్లకు వచ్చే పసుపు కొమ్ములనే తొలిచి డొల్ల చేసే పురుగు ఒకటుంది, సిగరెట్ పెంకు పురుగు. పేరుకు తగ్గట్టే అది పొగాకు బేళ్లలోనూ హాయిగా బతుకుతుంది. పసుపు ఘాటునూ పొగాకు నికోటిన్‌నూ అరిగించుకోగలిగే ఆ పురుగు పేగుల్లో ఈస్టు వంటి శిలీంధ్రం నివసిస్తూ, మొక్కల విషాలను విరిచిపెట్టడంలో దానికి తోడ్పడుతుంది. మొక్కకూ పురుగుకూ మధ్య కోట్ల ఏళ్లుగా నడుస్తున్న పోటీలో ప్రతి విషానికీ ఎక్కడో ఒక జీర్ణశక్తి పుట్టే ఉంది. ఒక పురుగును తరిమే ఆకు మరో పురుగుకు భోజనం కావడం వింత కాదు.

వీటన్నింటినీ కలిపి చూస్తే భారత ఆహార సంస్థ గిడ్డంగుల్లో వేల టన్నుల బియ్యానికి ఫాస్ఫీన్ స్థానంలో నిలబడగల మొక్క మందు ఇప్పటికి ఏదీ లేదనే చెప్పాలి. అంత ధాన్యానికి నూనె పూయడం సాధ్యం కాదు, పొడి కలిపితే వేరుచేయడం కుదరదు, అమ్మకానికి తయారుచేసే ఏ మందుకైనా 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద నమోదు కావలసి ఉంటుంది; గింజ గింజకూ సారం మారే పదార్థానికి నాణ్యత ప్రమాణం చూపడం తేలిక కాదు. మొక్కల మందు రాణించేది రైతు ఇంట్లో దాచుకునే విత్తనంలో, ఏడాదికి సరిపడా పెట్టుకునే పప్పుల్లో, చిరుధాన్యాల్లో. అక్కడైనా అది ఒంటరిగా చేసే పని తక్కువ. వడ్లలో తేమ 12-13 శాతానికి, పప్పుదినుసుల్లో 9 శాతానికి దిగేదాకా ఎండబెట్టకపోతే, పాత సంచి కుట్లలో, గాదె పగుళ్లలో నిరుటి పురుగు మిగిలి ఉంటే, ఏ ఆకూ ఏ నూనే ఆదుకోదు. గింజ కరకర విరిగేలా ఎండితే ముక్కు పురుగుకు పెరగడమే కష్టమవుతుంది. కందులను పప్పుగా విరిపించి దాచుకుంటే పుచ్చు పురుగు బెడద చాలావరకు దానంతటదే తప్పుతుంది, ఎందుకంటే అది వెతికేది గుండ్రటి నిండు గింజనే. 1980ల చివర కామెరూన్‌లో అలసందల పుచ్చు పురుగు కోసం అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు మొదలుపెట్టిన గాలి చొరని పొరల సంచి ఇప్పుడు ఎన్నో దేశాల్లో దొరుకుతోంది. అందులో పురుగులు తమ ఊపిరితోనే ఆక్సిజన్‌ను హరించుకుని చస్తాయి. కొనగలిగినవారికి అది మందే అక్కర్లేని దారి.

వేప విషయంలో ఒక చిక్కు పుస్తకాల్లో అరుదుగా కనిపిస్తుంది, అది కాలానికి సంబంధించినది. తెలుగు నేల మీద వేపపండు రాలేది ప్రధానంగా జూన్, జూలై నెలల్లో. ఖరీఫ్ కందులు కల్లానికి వచ్చేది డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు. రాలిన పండ్లను తొలకరి వానల్లో ఏరి, గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి అయిదారు నెలలు దాచాలి. తడి ఆరని వేపగింజల మీద ఆస్పర్‌జిల్లస్ అనే బూజు పెరిగి అఫ్లటాక్సిన్ విషాన్ని వదలవచ్చు, పైగా రోజులు గడిచేకొద్దీ గింజలో అజాడిరాక్టిన్ తగ్గిపోతుంది. నల్లబడిన, మక్కు వాసన వేసే గింజను పొడి చేసి విత్తనంలో కలిపితే పురుగు ఆగకపోగా బూజు తోడవుతుంది. అందువల్ల బాగా ఆరిన గింజను ఆగస్టులోపే గానుగ పట్టించి, ఆ నూనెను నిండుగా నింపి మూత బిగించిన డబ్బాలో చీకటి గదిలో ఉంచుకుని, కంది విత్తనం ఎండి సంచికి సిద్ధమయ్యాక కిలోకు 5 మిల్లీలీటర్ల లెక్కన పట్టించడమే ఎక్కువమందికి సాధ్యమయ్యే పద్ధతి. అందులో అజాడిరాక్టిన్ కొంత తగ్గినా గుడ్డును కప్పే నూనె పొర తగ్గదు.